తొమ్మిదిన్నర, నూట పన్నెండు

పదకొండు దాటి ఉంటుంది. ఈపాటికి చర్చిలో మొదటి పాట అయిపోయుంటుంది, ఐలి శవపెట్టె పక్కన పాస్టరుగారు గొంతు సవరించుకుంటూ ఉంటాడు, ముందు బల్ల మీద పౌలా పక్కన ఒక చోటు ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీ ఎవరిదో వెనక కూర్చున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ చోట కూర్చోవలసిన హెల్వి మాత్రం ఐదు మైళ్ళ ఇవతల, మోకాటి లోతు మంచులో, రెండిళ్ళ మధ్యనున్న రేకు గూడు ముందు, నిప్పులు కెలికే కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. "మంట ఎవరో ఒకరు చూడాలి కదమ్మా, చర్చి నుంచి వచ్చే జనానికి ఇల్లు వెచ్చగా ఉండొద్దూ" అంది పొద్దున పౌలాతో, మేనకోడలి కళ్ళలోకి చూడకుండా, చేతి తొడుగులు వెతుక్కుంటున్నట్టు నటిస్తూ. వదిన ఐలి చావుకి ఆడపడుచు వెళ్ళకపోవడానికి ఇంతకంటే మర్యాదైన సాకు ఈ చుట్టుపక్కల ఇంకొకటి దొరకదు. మార్చి నెల, సరస్సు మీంచి గాలి ఇంకా కోస్తూనే ఉంది, నేల గడ్డకట్టుకుపోయి ఉంది, ఐలిని మట్టిలో పెట్టడం మే నెలలోనే, అంతవరకూ ఊరి శ్మశానం పక్క రాతిగదిలో ఉండాలి. రెండు నెలలు. అక్కడ పొయ్యి ఉండదు. హెల్వి ఈ ఆలోచనని కడ్డీతో నెట్టేసినట్టు పక్కకి నెట్టి, పొయ్యి మొహాన, లోపలి నీళ్ళ వేడిని ఫారెన్‌హీట్ లెక్కలో చూపిస్తూ వెలుగుతున్న ఎర్ర అంకెల వైపు చూసింది. ఎనభై ఎనిమిది. పది గంటలకి వెలిగించినప్పుడు యాభై నాలుగు. నాలుగు రోజులుగా గడ్డకట్టకుండా చితుకులతో నెట్టుకొచ్చిన నీళ్ళు అంత తొందరగా వేడెక్కవు.

తలుపు తెరిచే పద్ధతి ఒకటుంది, అది చేతులకి తెలుసు, తల వేరే చోట ఉన్నా చేతులు చేసుకుపోతాయి. ముందు మంటకి గాలి ఊదే ఫ్యాను ఆపాలి. తలుపు వేలెడంత సందు తీసి ఇరవై లెక్కపెట్టాలి, లోపల బిగబట్టుకున్న పొగకి కాస్త గాలి తగిలి నెమ్మదించాలి, అప్పుడు పూర్తిగా తెరవాలి. అన్న తైస్తో ఈ పొయ్యి తెచ్చిన మొదటి శీతాకాలం లెక్కపెట్టకుండానే తెరిచేశాడు, భగ్గుమని మంట మొహాన నాకింది, కనుబొమలు రెండూ పోయాయి. వదిన నేల మీద కూర్చుని మరీ నవ్వింది. "హెల్వీ, ఇటు రా, మీ అన్నని చూడు, ఉడకబెట్టి ఒలిచిన గుడ్డులా ఉన్నాడు!" ఆ నవ్వు ఇక్కడే, ఈ రేకుల మధ్యనే ఎక్కడో అంటుకుని ఉండాలి, పొగగొట్టంలో తారు అంటుకున్నట్టు. ఇరవై. తెరిచింది. బర్చ్ బెరడు ఎప్పుడో కాలిపోయింది, చితుకులు కూలిపోయాయి, మేపుల్ దుంగలు అంచులు ఎర్రబారి పట్టుకుంటున్నాయి. మంచి కట్టెలు. ఐలి తన పాక వెనక గోనెపట్టా కింద దాచుకున్న మూడేళ్ళ నాటి మేపుల్, "ఇది నా చావుకి పనికొస్తుంది, ముట్టుకున్నావో" అని బెదిరించేది. ముట్టుకుంది. ఇంకో మూడు దుంగలు అడ్డంగా పేర్చి, తలుపు బిగించి, ఫ్యాను వేసింది.

దూరం నుంచి చూస్తే పొగగొట్టం పెట్టిన మరుగుదొడ్డిలా ఉంటుంది ఈ పొయ్యి. లోపల నిప్పుగది, దాని చుట్టూ నీళ్ళు, ఆ నీళ్ళు భూమిలో పూడ్చిన గొట్టాల్లోంచి ఇటు ఐలి ఇంటికీ అటు హెల్వి ఇంటికీ వెళ్ళి, వెచ్చదనం అక్కడ దింపి, మళ్ళీ వెనక్కి వస్తాయి. మంట ఒకటి, ఇళ్ళు రెండు. చెల్లెలు డెట్రాయిట్‌లో ఆసుపత్రి బట్టలు ఉతికే ఉద్యోగం చాలించుకుని వెనక్కి వస్తే, తైస్తో పొలం అంచున ఆమెకి రెండు గదులు కట్టి, పొయ్యిని సరిగ్గా మధ్యలో పెడతానని తాడుతో కొలిచాడు. కొలిచి కూడా ఐలి ఇంటికి పన్నెండు అడుగులు దగ్గరగా పెట్టాడు, దాని మీద ఒక యుద్ధం. హెల్వి వైపు గొట్టానికి చుట్టిన దూది పలచనయి, ఎంత మంచు పడ్డా ఆ గీత వెంబడి కరిగిపోయి జనవరిలో కూడా ఒక పచ్చగడ్డి చార కనిపించేది, దాని మీద ఇంకో యుద్ధం. "నా చేత్తో మండించిన మంటతో మీ చెల్లెలుగారు పచ్చిక పెంచుతోంది" అని ఐలి మొగుడితో అనేది, హెల్వికి వినబడేంత గట్టిగా. అసలు ఐలిని ఈ ఇంటికి తెచ్చింది ఎవరు? బడిలో పక్క బల్ల ఐలి, జడలో పసుపు రిబ్బను ఐలి, శనివారం ఆవిరి స్నానానికి ఇంటికి రావే అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది హెల్వే. వాకిట్లో గొడ్డలి ఆడిస్తున్న తైస్తో తలెత్తి చూశాడు. అంతే, స్నేహితురాలు పోయి వదిన మిగిలింది. పోయిందా? యాభై ఏళ్ళ పాటు, హెల్వి డెట్రాయిట్‌లో ఉన్న కాలం తప్ప, ప్రతి శనివారం ఆ ఆవిరి గదిలో, ఎంత పోట్లాడుకున్న వారమైనా సరే, ఒకరి వీపు ఒకరు రుద్దుకున్నారు. తైస్తో పోయాక కూడా. మాటలుండేవి కావు, వీపు మాత్రం తిప్పేవాళ్ళు.

తొంభై ఆరు. గాలి దిశ మారి పొగ కళ్ళలోకి వచ్చింది. కన్నీళ్ళు పొగవల్లే అనుకోవచ్చు, అనుకోవడానికి ఇక్కడ ఎవరున్నారని, కట్టెల పాక తప్ప. పాక గోడ తప్ప. గోడకి కొట్టిన నల్లచెక్క తప్ప. గంట నుంచీ దానికి వీపు పెట్టే నిలబడింది హెల్వి. అది తైస్తో పెట్టిన ఏర్పాటు. కట్టెలు వేసిన వాళ్ళు వేళ రాయాలి, నీళ్ళ వేడి ఎంతుందో రాయాలి, అప్పుడు రెండోవాళ్ళకి తెలుస్తుంది ఎంత వెయ్యాలో. పొద్దున ఆరింటికి ఐలి వంతు, సాయంత్రం ఐదింటికి హెల్వి వంతు. తైస్తో ఉన్నన్నాళ్ళూ అంకెలే ఉండేవి. అతను పోయిన ఈ తొమ్మిదేళ్ళలో అంకెల పక్కన మాటలు మొలిచాయి. "బూడిద ఎవరు తీస్తారు, మీ తాతా?" "తీశాను. కళ్ళజోడు మార్చుకో." "ఏలకుల రొట్టె గడపలో పెట్టాను, కుక్కకి వెయ్యకు." "కుక్క తినలేదు." చెక్క నిండితే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ మొదలు. ఎదురుపడితే వాతావరణం తప్ప మాట్లాడుకోని వాళ్ళు ఈ చెక్క మీద కబుర్లాడుకున్నారు, తిట్టుకున్నారు, ఒకసారి ఐలి జ్వరంగా ఉన్నప్పుడు హెల్వి రెండు వంతులూ వేసి "పడుకో" అని ఒక్క మాట రాసింది, దాన్ని ఐలి రెండు వారాలు తుడవలేదు.

ఇప్పుడు చెక్క మీద, కింద, మూడు వరసలున్నాయి. చూడకపోయినా తెలుసు. మొదటిది ఐలిది, పోవడానికి ముందు రోజు పొద్దున. ఆరూ పది. నూట ముప్పై ఎనిమిది. ఈ కట్టెల్లో నీళ్ళు పిండి కాఫీ కాచుకోవచ్చు. కట్టెలమ్మే రైనో దగ్గర హెల్వి కొన్న కట్టెల మాట అది. హెల్వికి భుజం పట్టేసి ఈ ఏడాది దుంగలు చీల్చలేకపోయింది, రైనో బండి తెచ్చి పోశాడు, "రెండేళ్ళు ఎండినవి హెల్వమ్మా, కావాలంటే వాసన చూడు" అన్నాడు. వాసన చూసింది. పచ్చి వాసనే వచ్చింది. అయినా దింపించుకుంది, వద్దంటే ఐలి దగ్గర అడగాలి కదా కట్టెలు. పచ్చివి వేస్తే మంట ఏడుస్తూ మండుతుంది, చివరల్లోంచి నురగ కక్కుతుంది, రాత్రంతా వేడి నిలవదు, పొగగొట్టం నిండా తారు. ఐలి చెప్పింది నిజమే, నిజం కాబట్టే మండింది హెల్వికి. ఆ సాయంత్రం రెండో వరస. ఐదు. నూట డెబ్బై ఒకటి. కాచుకో మరి. అది రాసి, రైనో కట్టెలే, కావాలని అవే, పొయ్యి నిండా కుక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు ఇల్లు చల్లబడింది. తొమ్మిదింటికి కాళ్ళు జిల్లుమన్నాయి, తొమ్మిదిన్నరకి కోటేసుకుని బయటికొచ్చింది. నూట పన్నెండు. తలుపు తీసి చూస్తే లోపల నల్లగా మాడిన దుంగలు, మూలన నాలుగు నిప్పులు. పొద్దుటి వంతు వెయ్యలేదు. చెక్క మీద వరస లేదు. అప్పుడు హెల్వి ఏమనుకుంది? నూట పన్నెండు అంకె చూసి వేరే ఇంట్లో వేరే మనిషైతే ఏమనుకునేది, అయ్యో పెద్దావిడకి ఏమైందో అనుకునేది. హెల్వి అలా అనుకోలేదు. ఈ పొయ్యితో ఇన్నేళ్ళు కాపరం చేసిన మనిషి కదా, అంకెని చదవడం వచ్చు కదా, చదివింది. చూశావా నీ పచ్చి కట్టెలు తెల్లారేదాకా కూడా నిలవలేదు, చూసి తెలుసుకో అని వదిన తనకి పాఠం చెబుతోందనుకుంది. తను వణికినా సరే నన్ను వణికించాలని కూర్చుందనుకుంది. అంత స్పష్టంగా, ఉత్తరం చదివినంత స్పష్టంగా. సుద్దముక్క తీసి రాసింది. తొమ్మిదిన్నర. నూట పన్నెండు. వంతు నీది. నేను వెయ్యను.

రాసి ఇంటికెళ్ళి రెండు స్వెట్టర్లు వేసుకుంది. బంగాళాదుంపల పులుసు కాచుకుంది. పేకముక్కలు పరుచుకుని ఒక్కతే ఆడుకుంది, రెండాటలు గెలిచింది కూడా. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి అంకె చూసొచ్చింది, ఎనభై నాలుగు, పందెంలో ఎవరు ముందున్నారో చూసుకున్నట్టు. ఐలి వంటింటి కిటికీ తెర తీసే ఉంది. లోపల దీపం వెలుగుతోంది. బతికున్న దీపంలాగే వెలుగుతోంది, దీపానికేం తెలుసు. ఉండు, చూద్దాం, నీకు డెబ్బై ఒకటి, నాకు డెబ్బై, ఎవరి ఎముకల్ని చలి ముందు కొరుకుతుందో చూద్దాం అనుకుంది. ఈ మాట కూడా అనుకుంది, దాచుకోవడమెందుకు. మూడింటికి ఓడిపోయింది. వేళ్ళు కొయ్యబారాయి, గొట్టాల్లో నీళ్ళు గడ్డకడితే రెండిళ్ళూ మునుగుతాయని సాకు చెప్పుకుని, అనాల్సిన మాటలన్నీ నోట్లో పేర్చుకుని, వదిన తలుపు తట్టకుండా తోసింది.

సింకు ముందు, నేల మీద, పక్కకి తిరిగి. హెల్వి ముందు చూసింది తివాచీని. పాత బట్టల పీలికలతో ఐలి తనే మగ్గం మీద నేసిన తివాచీ, తైస్తో చొక్కాలు, పౌలా చిన్ననాటి గౌనులు, హెల్వి పారేసిన నీలం కోటు కూడా పీలికలై అందులో ఉన్నాయి. ఎప్పుడూ సింకు ముందు పరిచి ఉండేది. ఇప్పుడది ఐలి మీద ఉంది. నడుము దగ్గర్నుంచి భుజం దాకా. ఒక చెయ్యి కింద పడి పనికిరాకుండా పోయుంటుంది, రెండో చేత్తో నేల మీంచి కొంచెం కొంచెంగా లాక్కుని ఉంటుంది, అంచుని గుప్పెట్లో బిగించి గడ్డం కిందకి. చలేసి. పొయ్యి ఆరిపోయి చలేసి. పడగానే పోయిన మనిషి తివాచీ కప్పుకోదు. ఎంతసేపు? పదకొండుకా, పన్నెండుకా, తను పేకలో రాణిని రాజు మీద పెడుతున్నప్పుడా? హెల్వి వంగి ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పింది. తివాచీ తీసి, దులిపి, సింకు ముందు పరిచి, మడతపడ్డ మూల కాలితో సరిచేసింది. ఆ తర్వాతే ఫోను చేసింది. అప్పుడు ఎందుకలా చేస్తోందో ఆమెకి తెలియదు, చేతులు చేశాయి. అంబులెన్సు వాళ్ళు వచ్చారు, డాక్టరమ్మ చూసింది. "పొద్దున ఆరింటి ప్రాంతాల అయ్యుంటుంది. ఒక్క క్షణం. ఆవిడకి తెలిసే లోపలే అయిపోయింది" అంది, భుజం తట్టి. ఆ మాటే పౌలాకి ఫోన్లో చెప్పారు. ఆ మాటే పాస్టరుగారు ఈ నిమిషంలో చర్చిలో అందరికీ చెబుతూ ఉంటాడు, బాధ లేకుండా తీసుకుపోయాడు దేవుడు అని. అది వింటూ పౌలా పక్కన కూర్చోలేకే కదా ఇక్కడ నిలబడింది, మంట కోసమా?

నూట ఎనిమిది. నూట పది. హెల్వి కళ్ళు తిప్పుకోలేకపోయింది. నూట పన్నెండు. అంకె అక్కడ ఆగింది, కాసేపు, ఊపిరి పీల్చుకున్నట్టు. పైకి ఎక్కేటప్పుడు కూడా అదే అంకె, కిందికి దిగేటప్పుడు కూడా అదే. నూట పదమూడు. పోయింది. ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. చెక్క మీద మూడో వరస, తన చేతి రాత, పెద్ద పెద్ద అక్షరాలు, కోపంలో సుద్ద విరిగిన చోట తెల్లటి చుక్క. చేతి తొడుగుతో ఒక్క తుడుపు. అంతే పని. సుద్ద కదా, రాయి కాదు కదా. మూడింటికి అనుమానమొచ్చి వెళ్ళానని అందరికీ చెప్పింది, మూడింటికి ముందు ఈ చోటికి రానేలేదని అందరూ అనుకున్నారు, ఆమె అవునని గానీ కాదని గానీ అనలేదు. తుడిచేస్తే ఆ రోజు పొద్దునన్నదే ఉండదు. చెయ్యెత్తింది. తుడిచెయ్, లోపల్నుంచి ఐలి గొంతే అంటున్నట్టుంది, ఎగతాళిగా, తుడుచుకో మరి. చెయ్యి దించింది. మళ్ళీ ఎత్తింది. చెప్పెయ్యాలి. రాగానే పౌలాకి చెప్పెయ్యాలి, అంకె, వంతు, తివాచీ, అన్నీ, వరసగా, గుక్క తిప్పుకోకుండా. చెప్పేస్తే ఈ గుండె మీది దుంగ దిగుతుంది. తిడితే తిట్టనీ, ఇంకెప్పుడూ గడప తొక్కొద్దంటే తొక్కదు. మీ అమ్మ తివాచీ కప్పుకుంది పౌలా. ఈ వాక్యం నాలుగు రోజుల నుంచి నాలుక మీదే ఉంది, నిద్రలో కూడా. నూట నలభై. తలుపు సందు తీసి ఇరవై లెక్కపెట్టి నిప్పులు ముందుకి లాగింది. ఐలి ఇంట్లో ఇప్పుడు రేడియేటర్లు టిక్కుటిక్కుమంటూ ఉంటాయి, గోడలకి ప్రాణం వస్తూ ఉంటుంది, సింకు ముందు నేల కూడా వెచ్చబడుతూ ఉంటుంది.

రోడ్డు మలుపులో కార్లు. ఒకటి, దాని వెనక వరసగా. అందరికంటే ముందొచ్చిన కారులోంచి పౌలా దిగి, ఇంటి వైపు కాకుండా ఇటే వచ్చింది, చర్చి చెప్పులతోనే మంచులో తూలుకుంటూ. చలికి ముక్కు ఎర్రబడింది, గడ్డం అచ్చం వాళ్ళమ్మదే.

"అందరూ నిన్నే అడిగారత్తా. మంట దగ్గరుందంటే ముసలాళ్ళంతా తలలూపారు, అదే సరైన పని అని. ఏంటి ఈ పొగ? రైనో కట్టెలేనా మళ్ళీ?"

"కాదే. మీ అమ్మ దాచుకున్న మేపుల్."

"దొంగా! అమ్మ లేచొస్తుంది." నవ్వబోయి ఏడ్చి, ఏడుపులోంచి మళ్ళీ నవ్వి, మొహం తుడుచుకుంటూ చెక్క వైపు చూసింది. చిన్నప్పుడు ఆ అంకెల మీదే లెక్కలు నేర్చుకున్న పిల్ల, ఊరికే చూసి ఊరుకోదు. "'ఈ కట్టెల్లో నీళ్ళు పిండి కాఫీ కాచుకోవచ్చు.' అమ్మా! 'కాచుకో మరి.' ఇది నువ్వు. చివరిదాకా వదల్లేదన్నమాట మీరిద్దరూ. 'తొమ్మిదిన్నర. నూట పన్నెండు. వంతు నీది. నేను—'"

నవ్వు ఆమె మొహం మీద ఇంకాసేపు ఉండిపోయింది, వెళ్ళిపొమ్మని ఎవరూ చెప్పనట్టు.

"ఇది ఏ రోజుది అత్తా?"

"ఆ రోజుదే."

"పొద్దునా?"

"పొద్దునే."

"నువ్వు మూడింటికి కదా చూసింది."

"మూడింటికే. మధ్యలో వెళ్ళలేదు. నా కట్టెలు పచ్చివని చూపించడానికి కావాలనే వెయ్యలేదనుకున్నాను. నేనూ పంతానికి పోయాను."

పౌలా కట్టెలు చీల్చే మొద్దు మీద కూర్చుంది, నల్ల గౌను మంచులో ఆనుతున్నా చూసుకోకుండా. ఇంటి ముందు కార్ల తలుపులు మూసుకుంటున్న చప్పుళ్ళు, ఎవరో "గిన్నె జాగ్రత్త, వేడిగా ఉంది" అంటున్నారు. ఆ పిల్ల పెదాలు కదులుతున్నాయి, లెక్క వేసుకుంటోంది.

"డాక్టరమ్మ ఆరింటికే అంది" అంది చివరికి, నేల వైపు చూస్తూ. "పడేలోపే అయిపోయిందంది. అది నిజమేనా అత్తా? ముందు చూసింది నువ్వే కదా. ఎలా ఉంది అమ్మ? చలికి ముడుచుకుని గానీ... అలా ఏమన్నా..."

ఇదిగో, అడిగింది. అడగకుండానే చెప్పాలనుకున్నది అడిగి మరీ చెప్పమంటోంది. వాక్యం నాలుక చివరికి వచ్చింది, పళ్ళకి తగిలింది. పౌలా తలెత్తింది. అరవై ఏళ్ళ కిందటి బడిలో పక్క బల్ల మీంచి చూసిన చూపు అది, అవే కళ్ళు. చెబితే తన మీది దుంగ దిగుతుంది, నిజమే, దిగి ఎక్కడ పడుతుంది? ఈ పిల్ల ఇంకా ముప్పై చలికాలాలు బతకాలి, ప్రతి చలికాలం పాదాలు చల్లబడ్డప్పుడల్లా ఆ చెయ్యి తివాచీని లాక్కుంటూనే ఉంటుంది.

"లేదమ్మా" అంది హెల్వి. "నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోయింది. చేతులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏమీ తెలిసుండదు."

పౌలా లోపలున్న గాలంతా బయటికి వదిలింది, అది తెల్లగా పొగలా లేచి కరిగిపోయింది. లేచి వచ్చి, బూడిద కోటుని లెక్కచెయ్యకుండా, అత్తని గట్టిగా పట్టుకుంది.

"అయితే నువ్వు తొమ్మిదిన్నరకి వెళ్ళినా ఒకటే. అప్పటికే అమ్మ లేదు. విన్నావా? నీ తప్పేం లేదు. ఇది మనసులో పెట్టుకుని కుమిలిపోయావో ఊరుకోను. నీ తప్పేం లేదత్తా."

భుజం మీద ఆ తల బరువు, జుట్టులోంచి చర్చి కొవ్వొత్తుల వాసన. ఈ మన్నింపు ఐలి మాత్రమే ఇవ్వగలిగినది, ఐలికి ఇవ్వడానికి వీల్లేకుండా పోయినది, ఏమీ తెలియని పిల్ల తెచ్చి చేతుల్లో పెడుతోంది.

"సరేనమ్మా" అంది హెల్వి. తనది కాని దాన్ని రెండు చేతులా పుచ్చుకుంది. పుచ్చుకోకపోతే, ఎందుకని అడుగుతుంది పిల్ల.